కళింగపట్నం కోర్ అడుగున సరుగుడు పుప్పొడి – వయసు ఎంతని రాయాలి?

నాగావళి ఒడ్డు: పొద్దుటి నుంచి సూక్ష్మదర్శినికి కళ్లు అప్పగించి కూర్చున్నాను, తల తిరుగుతోంది. కళింగపట్నం ఎదుట సముద్రం అడుగున గొట్టం దించి తీసిన నిలువు మట్టి కడ్డీ, అంటే కోర్ ఇది. పై ముక్కల్లో గడ్డి పుప్పొడి, మడచెట్ల పుప్పొడి బాగానే ఉన్నాయి. అడుగు ముక్కలో మాత్రం సరుగుడు పుప్పొడి కుప్పలుగా ఉంది. ఫొరామినిఫెరా (గుల్ల ఉండే సూక్ష్మ సముద్ర జీవులు) వెతికినా ఒక్కటీ లేదు. ఎల్లుండికల్లా వయసు రాసి ఇమ్మని మా గైడు పట్టుబట్టారు. ఎన్ని వేల ఏళ్లని రాయాలి?

ఇసుకతిన్నె: నీటి లోతు? కోర్ పొడవు? మట్టి నుంచి పుప్పొడిని వేరు చేయడానికి ఏ ఆమ్లాలు వాడారు?

పాత ల్యాబు: ఆమ్లం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని గాజు బీకరులో పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. అది గాజునే తినేస్తుంది. పలచటి ద్రావణం చర్మం మీద పడితే వెంటనే మంట కూడా తెలియదు, మెల్లగా లోపలికి దిగి కాల్షియాన్ని పట్టుకుంటుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా పెట్టుకోకుండా సీసా మూత తీయకండి.

ఇసుకతిన్నె: అడిగింది అది కాదు.

నాగావళి ఒడ్డు: లోతు 32 మీటర్లు, కోర్ మీటరున్నర. అందరూ చేసే పద్ధతే. ముందు హైడ్రోక్లోరిక్, తర్వాత హైడ్రోఫ్లోరిక్. ప్లాస్టిక్ గొట్టాలే లెండి.

గుల్లల పిచ్చి: హైడ్రోక్లోరిక్ పోశాక ఫొరామినిఫెరా కోసం వెతికారా! వాటి గుల్లలు చాలావరకు సున్నపువి, బుసబుసమని కరిగిపోయి ఉంటాయి. ముక్కను ముందే రెండు చేసి, ఒక భాగానికి ఆమ్లం తగలనివ్వకుండా 63 మైక్రాన్ల జల్లెడలో నీళ్లతో కడగాలి. అసలు పుప్పొడితో వయసు తేల్చడమేమిటండీ? ఈ కొన్ని వేల ఏళ్లలో ఇక్కడ పెరిగిన చెట్లు ఇప్పటికీ పెరుగుతున్నవే. పుప్పొడి అప్పటి వానల సంగతి చెబుతుంది, పుట్టిన తేదీ చెప్పదు. నానోఫాసిల్స్ (సముద్రపు అతి సూక్ష్మ నాచుల సున్నపు శిలాజాలు) చూడండి. వాటిలో ఎమిలియానియా హక్స్‌లీ అనే జాతి ఉంటే ఆ పొర సుమారు 2.9 లక్షల ఏళ్ల లోపుది. ఫొరామినిఫెరాలో గులాబీ రంగు గ్లోబిజెరినోయిడిస్ రూబర్ హిందూ మహాసముద్రంలో 1.2 లక్షల ఏళ్ల కిందటే మాయమైంది.

ఇసుకతిన్నె: 32 మీటర్ల లోతుకు లక్షల లెక్క దేనికి? 20 వేల ఏళ్ల కిందట సముద్ర మట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దిగువన ఉండేది. ఆ చోటంతా నేలే. మీటరున్నర కోర్‌కు రేడియోకార్బన్ (కార్బన్-14తో వయసు కట్టే పద్ధతి) చాలు. పైగా మీరు చెప్పింది వయసు కాదు, హద్దు.

గుల్లల పిచ్చి: హద్దు తెలిస్తే సగం వయసు తెలిసినట్టే.

గార వాసి: మీ వాదం అలా ఉంచండి. మా తీరంలో కనిపించే సరుగుడు తోటలన్నీ నాటినవే. ఈ తీరానికి అది సొంత చెట్టు కాదు, 19వ శతాబ్దంలో తోటలుగా పెంచడం మొదలైంది. అలాంటి పుప్పొడి పైన లేకుండా అడుగునే కుప్పపడిందంటే నాకు నమ్మకం కుదరడం లేదు. అసిటోలిసిస్ (రేణువు లోపలి పదార్థాన్ని ఆమ్లాలతో కరిగించి పై గోడనే మిగల్చడం) చేశారా? రేణువు లోపల ఖాళీగా ఉందా?

గుల్లల పిచ్చి: బర్మా వైపు సరుగుడు సహజంగానే ఉంది. గాలికి వచ్చి ఉండవచ్చు కదా?

గార వాసి: ఒకటీ అరా రావచ్చు. కుప్పలుగా రాదు.

నాగావళి ఒడ్డు: అసిటోలిసిస్ చేయలేదు, దానికి కావలసిన ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ దొరకలేదు. మూడు రంధ్రాలూ స్పష్టంగా ఉన్నాయి, లోపల ముద్దలా ఏదో కనిపిస్తోంది. అడుగు ముక్క బాగా తడిగా ఉందని కళింగపట్నంలో మా చిన్నాన్న గారి వరండాలో ఆరబెట్టాం. ఎదురుగా సరుగుడు తోట. మిగతావి ల్యాబులోనే ఆరాయి. అదేమైనా ముఖ్యమా?

ఇసుకతిన్నె: ముఖ్యమా అని అడుగుతున్నారు!

గార వాసి: లోపల ముద్ద ఉందంటే అది నిన్నమొన్నటి పుప్పొడి. కోర్‌లో రెండో సగం దాచి ఉంటే, బయటి అంచు చెక్కేసి నడిమి నుంచి మట్టి తీయండి. మట్టి వేయని గొట్టం ఒకటి పక్కనే పెట్టి అవే ఆమ్లాలతో నడపండి. అందులోనూ సరుగుడు కనిపిస్తే గదిలోనే తేడా ఉంది.

పాత ల్యాబు: అన్‌హైడ్రైడ్ దొరికాక తొందరపడవద్దు. తొమ్మిది పాళ్ల అన్‌హైడ్రైడ్‌కు ఒక పాలు సల్ఫ్యూరిక్ ఆమ్లం కలపాలి. గొట్టంలో తడి మిగిలితే ఎగదన్నుతుంది, ముందు గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లంతో కడిగి తీరాలి.

నాగావళి ఒడ్డు: రెండో సగం ఫ్రిజ్‌లో ఉంది. సరేనండీ, థాంక్స్. ఎల్లుండి సంగతే చూసుకోవాలి.

గుల్లల పిచ్చి: నానోఫాసిల్ స్లైడు మాత్రం మరవకండి. చిటికెడు మట్టి చాలు, ఆమ్లంతో పనే లేదు.

ఇసుకతిన్నె: 32 మీటర్ల లోతు అని చెప్పారు కదండీ.