ఫ్రాన్సెస్ విల్లార్డ్ గురించి స్త్రీల కూడికలో ఎలా చెప్పాలి?

హన్మకొండ చెల్లె:
వచ్చే ఆదివారం మా సంఘం స్త్రీల కూడికలో పది నిమిషాలు మాట్లాడమన్నారు. పాతకాలం అమెరికాలో ఉన్న ఫ్రాన్సెస్ విల్లార్డ్ గురించి చెబుదామనుకుంటున్నా. తాగుడు మీద పోరాడిందని తెలుసు, కానీ ఆడవాళ్లు వాక్యం చెప్పొచ్చని కూడా వాదించిందట కదా, ఈ రెండింటికీ సంబంధమేంటి? మా గల్లీ చివర బెల్ట్ షాపుంది, పొద్దున ఆరింటికే షట్టర్ సగం లేపి పెడతారు. కూడికకు వచ్చే అక్కల్లో చాలామంది ఇంట్లో ఆ బాధ ఉంది. టెన్షన్‌గా ఉంది.

పరకాల టీచర్:
చెల్లె, 1873 డిసెంబరు నుంచి మొదలుపెట్టు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని హిల్స్‌బరోలో ఎలైజా థాంప్సన్ అనే ఆమె ముందు నడిస్తే, చర్చి ఆడవాళ్లు వెనక పోయి మందు దుకాణాల ముందు మోకాళ్లూని ప్రార్థన చేశారు, పాటలు పాడారు. ఆ ఊపులోనే 1874లో క్లీవ్‌లాండ్‌లో క్రైస్తవ స్త్రీల మద్యనిషేధ సంఘం పుట్టింది. 1879 నుంచి 1898లో చనిపోయేదాకా దానికి విల్లార్డే అధ్యక్షురాలు. తాగుడుతో గుల్లయ్యేది ఇల్లే కాబట్టి, దుకాణం ఉండాలా వద్దా అని తేల్చే ఓటు ఆ ఇంటి తల్లికి కూడా ఉండాలన్నది ఆమె మాట, దాన్ని ఇంటి రక్షణ అనేది.

జనగామ అన్న:
వాక్యం సంగతి కూడా అక్కడిదే. 1877లో బోస్టన్‌లో మూడీ అనే పేరున్న సువార్తికుడి కూడికలప్పుడు విల్లార్డ్ స్త్రీలకు వాక్యం చెప్పింది. 1888లో మెథడిస్టు మహాసభకు ఆమెతో కలిపి ఐదుగురు స్త్రీలు ప్రతినిధులుగా ఎన్నికైతే, ఆడవాళ్లని కూర్చోనివ్వలేదు! అదే ఏడు స్త్రీలు ప్రసంగపీఠం ఎక్కడం గురించి పుస్తకం రాసింది. స్త్రీలు మౌనంగా ఉండాలన్న పౌలు మాటను ఉన్నదున్నట్టు పట్టుకుని, మిగతా వచనాలను మాత్రం వీలుగా అర్థం చెప్పుకుంటారేమని నిలదీసింది.

ఖమ్మం రోడ్ అక్క:
ఒక్కటి దాచొద్దు. నల్లజాతి వాళ్లను తాగుబోతులన్నట్టు ఆమె మాట్లాడింది. మూకలు వాళ్లను కొట్టి చంపుతున్న రోజులవి. 1894లో ఐడా బి. వెల్స్ అనే నల్లజాతి పాత్రికేయురాలు ఇంగ్లండులో ఆ మాటలు బయటపెట్టింది. గొప్ప పని చేసిన మనిషే, కానీ ఈ తప్పు చిన్నది కాదు, అదీ చెప్పాల్సిందే.

పరకాల టీచర్:
అవునక్కా, చెప్పాలి. చెల్లె, ఇంకోటి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ కబురు మా దాకా వచ్చినప్పుడు మా అమ్మ, పక్కింటి వదిన కలిసి సారా ప్యాకెట్లు కొడవలితో కోసి మోరీలో పోశారు, వారం దాకా గల్లీ అంతా వాసన. మరుసటి ఏడు అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. మీ కూడికలో అప్పటివాళ్లు ఎవరన్నా ఉంటే ముందు వాళ్లతో మాట్లాడించు.

హన్మకొండ చెల్లె:
ఉన్నారక్కా, మా పెద్దమ్మే ఉంది. ఈ రాత్రే అడుగుతా.