‘దాచు’ నొక్కితే దాచినట్టా, మాయం చేసినట్టా?

పోయిన నెలలో మా పెద్దమ్మ ఫోన్ చేసి, “ఒరే, పాస్‌బుక్ ఫొటోలు దాచమంటే ఎక్కడికో పంపించేసిందిరా ఈ ఫోను” అంది. ఏడుపు ఒక్కటే తక్కువ. బ్యాంకులో చూపించాల్సి వస్తుందని పట్టాదారు పాస్‌బుక్ పేజీలు ముందురోజు ఫొటోలు తీసి పెట్టుకుంది. వాటి మీద వేలు నొక్కి పట్టుకుంటే కింద నాలుగు మాటలు వచ్చాయట: పంపు, తొలగించు, దాచు, మరిన్ని. ముఖ్యమైన కాగితాలు కదా అని ‘దాచు’ నొక్కింది. అంతే, ఫొటోలు లేవు. ఇంగ్లీషు అర్థం కావట్లేదంటే ఆ ఫోను భాషను తెలుగులోకి మార్చి ఇచ్చింది నేనే.

ఇంగ్లీషులో ఆ చోట ఉండేది హైడ్, అంటే కనపడకుండా చేయడం. పెద్దమ్మ చదువుకున్నది సేవ్, అంటే పోకుండా పెట్టుకోవడం. ఈ రెండు మీటలకూ తెలుగులో ఏ మాటలు పెట్టాలన్నదే నా ప్రశ్న. నా ఉద్దేశంలో ఆవిడ తెలుగే సరైనది. బియ్యం డబ్బాలో పదులూ ఇరవైలూ దాచి ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసిన మనిషి. ‘దాచు’ అంటే మళ్లీ కావాల్సినప్పుడు చేతికి దొరికేలా పెట్టడం అనే ఆవిడకు తెలుసు.

మాటగా చూస్తే ఇది ‘దాగు’ నుంచి వచ్చింది. పాలు కాగుతాయి, మనం కాస్తాం, అంటే కాచు. త్రాసు తూగుతుంది, మనం తూస్తాం, అంటే తూచు. అలాగే దాగు, దాచు. కాబట్టి కంటికి కనపడకపోవడం ఆ మాట పుట్టుకలోనే ఉంది. దాగుడుమూతలు, దాపరికం అటువైపు నిలబడ్డాయి. కానీ వాడుకలో రెండో అర్థానికీ అంతే బలం ఉంది. “నీకోసం రెండు అరిసెలు దాచాను” అన్న మాటలో రహస్యమేమీ లేదు, అక్కర ఉంది. ‘దాచుకో నీ పాదాలకు’ కీర్తనలో అన్నమయ్య, ఒక్క సంకీర్తన చాలు మమ్మల్ని కాపాడటానికి, ‘తక్కినవి భండారాన దాచి వుండనీ’ అని స్వామితో అంటాడు. అక్కడ దాచడం అచ్చంగా సేవ్ చేయడమే. ఆ సంకీర్తనలు చెక్కిన రాగి రేకులు తిరుమల గుడిలోని చిన్న అరలో శతాబ్దాల పాటు ఉండిపోయి, 20వ శతాబ్దంలో గానీ లోకానికి తెలియలేదు. రెండు అర్థాలూ ఒకే చోట నిజమయ్యాయి.

ఇప్పుడు సేవ్ సంగతి. కంప్యూటరు నేర్చుకోవడానికి వచ్చే కొత్తవాళ్లకు పాఠంలో నేను ఇలా చెబుతాను. మీరు టైప్ చేస్తున్నది ముందు ర్యామ్‌లో, అంటే కంప్యూటరు తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటుంది. అది పలక. కరెంటు ఉన్నంతసేపే దాని మీద రాత నిలుస్తుంది. సేవ్ కొడితే పలక మీదున్నది నోటుపుస్తకంలోకి, అంటే డిస్కులోకి ఎక్కుతుంది. అప్పుడు కంప్యూటరు రెండే అడుగుతుంది: ఏ పేరుతో, ఎక్కడ? పేరు అందరూ ఇస్తారు. ‘ఎక్కడ’ దగ్గర చూడకుండా ఓకే కొట్టేస్తారు. మర్నాడు “నా ఫైలు పోయింది” అని వస్తారు. ఫైలు పోలేదు, డాక్యుమెంట్స్‌లోనో డౌన్‌లోడ్స్‌లోనో ఉంది. సేవ్ గుర్తుగా కనిపించే ఆ చదరపు బొమ్మ ఫ్లాపీది, అంటే ఒకప్పుడు ఫైళ్లు ఎక్కించుకున్న డిస్కుది. మూడున్నర అంగుళాలుండేది, పట్టేది 1.44 మెగాబైట్లు. ఇప్పుడు ఫోనుతో తీసే ఫొటోల్లో చాలావాటికి అది చాలదు. నేర్చుకునేవాళ్లలో సగంమంది ఫ్లాపీని చూసి కూడా ఉండరు, కాబట్టి ఆ బొమ్మ చూపించి సేవ్ అంటే ఇదీ అని చెబితే ఏమీ ఎక్కదు.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది పాస్‌వర్డ్ దగ్గర. నెట్ సెంటర్లో కూర్చుని దరఖాస్తు పెడుతున్నారనుకోండి. లాగిన్ అవగానే బ్రౌజరు ఒక ప్రశ్న వేస్తుంది: పాస్‌వర్డ్‌ను సేవ్ చేయాలా? దాన్ని ‘పాస్‌వర్డ్ దాచాలా?’ అని రాస్తే, ఎవరికీ కనపడకుండా దాస్తుందేమోనని ఎవరైనా ‘అవును’ నొక్కుతారు. జరిగేది తలకిందులు. ఆ పాస్‌వర్డ్ ఆ కంప్యూటర్లోనే ఉండిపోతుంది. తర్వాత అదే కుర్చీలో కూర్చున్నవాళ్లు మీ పేరుతో లోపలికి వెళ్లగలరు. మన కంప్యూటరు కాని చోట ఆ ప్రశ్నకు జవాబు ‘వద్దు’ ఒక్కటే. లేచే ముందు లాగౌట్ అయ్యామా అని కూడా చూసుకోవాలి.

ఇదంతా మా గ్రూపులో పెడితే రెండు జవాబులు వచ్చాయి. ఒక సభ్యురాలి జవాబు: మా ఇంట్లో కాగితాలను ‘జాగ్రత్త చెయ్యి’ అంటాం. “రేషన్ కార్డు జాగ్రత్త చేశావా?” అంటే బీరువాలో పెట్టావా అని అర్థం. సేవ్‌కు ఇంతకంటే ఇంటి మాట ఏముంటుంది? మా అత్తగారిది సిద్దిపేట వైపు, ఆవిడ ‘దాపెట్టు’ అంటారు. ఆవిడకూ రెండు అర్థాలూ ఉన్నాయి, డబ్బులూ దాపెడతారు, విషయమూ దాపెడతారు.

మరో సభ్యుడి జవాబు: తెలుగు వికీపీడియాలో ‘చూపించు’, ‘దాచు’ ఏళ్లుగా ఉన్నాయి. ఎవరూ తికమకపడగా నేను చూడలేదు. సేవ్‌కు ‘భద్రపరచు’ ఉండనే ఉంది కదా, ఇంకా వెతకడం ఎందుకు?

ఇద్దరికీ కలిపి చెబుతాను.

వికీలో ఇబ్బంది రాకపోవడానికి కారణం ఆ రెండు మాటలూ జంటగా ఉండటం. ‘దాచు’ నొక్కగానే పెట్టె ముడుచుకుంటుంది, అదే చోట ‘చూపించు’ వస్తుంది. చేసిన పని ఏమిటో కళ్ల ముందే తెలుస్తుంది, వెనక్కి తిప్పుకోవచ్చు. పెద్దమ్మ ఫోనులో ‘దాచు’ ఒంటరిగా ఉంది, పక్కనేమో ‘తొలగించు’ ఉంది. దానికి వ్యతిరేకం అనుకోక ఇంకేమనుకుంటుంది?

‘భద్రపరచు’ మంచి మాటే. ఈవీఎంలను స్ట్రాంగ్ రూముల్లో భద్రపరిచారని పేపర్లో చదివితే అందరికీ అర్థమవుతుంది. వికీలో కూడా సేవ్ మీటకు ఒకప్పుడు ‘పేజీని భద్రపరచు’ అనే ఉండేది, తర్వాత ‘ప్రచురించు’ అయింది. ఇంగ్లీషులోనే సేవ్‌ను పబ్లిష్‌గా మార్చారు. నొక్కితే రాసింది లోకమంతా చూస్తుందని కొత్తవాళ్లకు ‘సేవ్’ తెలియజేయట్లేదని ఆ మార్పు. ఇది నాకు నచ్చింది. మాటను అనువదించే ముందు, ఆ మీట చేసే పని ఏమిటో చూశారు.

‘జాగ్రత్త చెయ్యి’ నా మనసుకు బాగా దగ్గరైంది. పాఠంలో తప్పకుండా వాడతాను. మీట మీద మాత్రం ‘సేవ్ చెయ్యి’ చాలు. “నా నంబరు సేవ్ చేసుకో” అనని ఇల్లు ఇప్పుడు లేదు, ఆ మాటను కదిలించనక్కర్లేదు. నా గొడవ అంతా హైడ్‌తోనే. ఒంటరిగా ఉన్న చోట దాన్ని ‘దాచు’ అనకూడదు. ‘చూపకు’ అనొచ్చు. ‘కనపడకుండా పెట్టు’ కాస్త పొడుగు, కానీ మోసం చేయదు.

‘దాచు’ నిజంగా అతికేది ఆర్కైవ్‌కు. వాట్సాప్‌లో ఒక చాట్‌ను ఆర్కైవ్ చేస్తే అది మామూలు జాబితాలోంచి పోతుంది, అయినా చెరిగిపోదు. కనపడదు, కానీ ఉంటుంది. రెండు అర్థాలూ కావాల్సిన చోటు అది. అక్కడేమో అందరం ‘ఆర్కైవ్’ అని ఇంగ్లీషే వాడుతున్నాం.

పెద్దమ్మ ఫొటోలు దొరికాయి. వీడియో కాల్‌లో చూస్తూ ఒక్కో మెనూ తెరిపించాను. సెట్టింగ్స్‌లో అడుగున ‘దాచిన ఫొటోలు’ అని ఉంది. తెరవగానే నాలుగు పేజీలూ వరుసగా కనిపించాయి. ఆవిడ కాసేపు చూసి, “దాచిందే, అయితే. మరి ఇంత లోపల దాస్తే నాకెలా తెలుస్తుందిరా?” అంది. అప్పటికప్పుడు ఆ పేజీలను కాగితం మీద ప్రింటు తీయించి బీరువాలో పెట్టించాను.