ఏడు తరాల నవల చదువుకుంట తినేతందుకు మసాలా చాక్లెట్ స్వీట్ చెప్పుండ్రి

దేవరకొండ_చదువరి:
అందరికి నమస్తే. మా గల్లీల ఆడోళ్లం కలిసి మార్క్వెజ్ రాసిన వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్ చదువుతున్నం. ఒక్కటే ఇంటోళ్ల కథ, మస్తు నచ్చింది గని తాతకు, కొడుకుకు, మనవడికి అందరికి అవే పేర్లు, సగానికి వచ్చేసరికి ఎవరు ఎవరి కొడుకో తెలుస్తలేదు. మీరెట్ల చదివిన్రు? ఇంకోటి, ఆదివారం మా ఇంట్ల కూసుంటున్నం, పుస్తకానికి తగ్గట్టు దాల్చినచెక్క, మిరపకాయ ఏసిన చాక్లెట్ స్వీట్ చేద్దామని ఉంది. ఓవెన్ లేదు, గుడ్డు వద్దు.

వనపర్తి_పుస్తకాలు:
పేర్లకు పరేషాన్ కాకుండ్రి అక్కా. మన దగ్గర తాత పేరు మనవడికి పెడ్తలేమా? ఆ ఇంటి మొదటి తరం ఆడామె ఉర్సులా ఒక కాడ అనుకుంటది చూడుండ్రి, ఔరేలియానోలు అందరు తమల తాము ఉండేటోళ్లు, తెలివిగల్లోళ్లు, హోసె అర్కాదియోలు దూకుడు మనుషులు అని, అది పట్టుకుంటే చాలు. అన్నిటికంటె ఉర్సులాను వదలకుండ్రి. ముసలితనంల కండ్లు పోయినా ఇంట్ల ఎవ్వరికి తెల్వనియ్యది, వాసనలతోటి, ఎవరు రోజు ఏ యాళ్లకు ఎటు నడుస్తరో యాదికి పెట్టుకొని తిరుగుతది. మునిమనవడి పెండ్లాం ఫెర్నాండా ఉంగరం పోతే కండ్లున్నోళ్లు ఇల్లంత దేవులాడినా దొరకది, ఈమె తీసిస్తది. నాకు ఆ పేజీలే పానం.

మిర్యాలగూడ_వంటిల్లు:
చాక్లెట్ ఆ పుస్తకంలనే ఉంది కదా అక్కా! ఫాదర్ నికనోర్ చర్చి కట్టనీకి చందాల కోసం పొగలొచ్చే చిక్కటి చాక్లెట్ తాగి నేల మీదికెల్లి పైకి లేస్తడు. మార్క్వెజ్‌ది కొలంబియా, అక్కడ చాక్లెట్ల దాల్చినచెక్క, లవంగం ఏస్తరు, మిరపకాయ మెక్సికో అలవాటు. గని ఆయన ఈ నవల రాసింది మెక్సికో సిటీల ఉండి, 1967ల అచ్చయింది, అందుకే రెండూ ఏసుకోవచ్చు.
పుడ్డింగ్ చేయుండ్రి. అర లీటర్ పాలల్ల కెల్లి ఒక కప్పు పక్కకు తీసి, మిగిలినయి దాల్చినచెక్క, రెండు లవంగాలు, గింజలు తీసిన ఒక ఎండుమిర్చి ఏసి మరగవెట్టి, 10 నిమిషాలు మూతపెట్టి వడగట్టాలె. తీసిన సల్లటి పాలల్ల 3 పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్, 2 చెంచాల కోకో, 4 చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు ఉండలు లేకుంట కలిపి అండ్ల పోసి, సన్న మంట మీద చెంచాకు పట్టేదాక కలుపుతనే ఉండాలె. దించినంక 100 గ్రాముల డార్క్ చాక్లెట్ ముక్కలు ఏస్తే కరుగుతయి. కారం మింగినంక గొంతుల తెలుస్తది, అందుకే రుచి చూసి జర ఆగుండ్రి, ఎంటనే ఇంకింత ఏస్తే పిల్లలు తినరు. ఫ్రిజ్‌ల 3 గంటలు.

జడ్చర్ల_పాఠకుడు:
ఇది అయినంక కళ్యాణరావు అంటరాని వసంతం చదువుండ్రి, 2000ల వచ్చింది. అది గూడ తరాల కథనే, ఎన్నెలదిన్నె అనే ఊరి దళితులది. అండ్ల ఎల్లన్న పాట కట్టి ఆడే తీరు చదివితే ఊర్ల వీధి భాగోతం చూసినట్టే ఉంటది. వలస పోయినోళ్ల ఇండ్లు చూసిన పాలమూరోళ్లకు అండ్ల కరువు పేజీలు మరీ తాకుతయి. అప్పుడు మాత్రం ఏం తినబుద్ధి కాదు, స్వీట్లు ఈ పుస్తకానికే పెట్టుకోండ్రి.

దేవరకొండ_చదువరి:
అందరికి థ్యాంక్స్. మా ఇంట్ల గుంటూరు మిర్చి ఉంది, సగమే ఏస్త. ఎల్లన్న పుస్తకం హైదరాబాద్ పోయినప్పుడు తెస్త, ఎవరిదగ్గరన్న ఉంటే చెప్పుండ్రి, చదివి ఇస్త.