ముధోల్ జాగిలం చిన్నపిల్లలున్న ఫ్లాట్‌లో ఇముడుతుందా?

మూడో_అంతస్తు:
మాది హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. నాలుగేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప, మా అత్తయ్యగారు, ఒక పిల్లి. ఎనిమిది వారాల ముధోల్ కూనను తేవాలనుకుంటున్నాం. వేటకుక్క ఇంట్లో పనికిరాదని కొందరు, పడుకున్న చోటు నుంచి లేవనే లేవదని ఇంకొందరు. ఏది నమ్మాలి?

చూపువేట:
రెండూ సగం సగమే నిజం. ఇవి వాసన పట్టుకుని గంటలకొద్దీ తిరిగే కుక్కలు కావు. కంటికి ఏదైనా కదిలితే ఒక్క ఉరుకు, మిగతా సమయమంతా నిద్ర. ఉదయం, సాయంత్రం 30–40 నిమిషాల నడక, వారానికి రెండు మూడుసార్లు చుట్టూ గోడ ఉన్న ఖాళీ స్థలంలో స్వేచ్ఛగా పరుగు దొరికితే ఫ్లాట్‌లో దాని ఉనికే తెలియదు. మన ఎండాకాలంలో మాత్రం పరుగు తెల్లవారుజామునే. ఒక్క నిమిషం ఉరికినా కండరాల్లో పుట్టే వేడి చాలా ఎక్కువ.

గ్రేహౌండ్, విప్పెట్ లాంటి విదేశీ వేటకుక్కల గురించి చదివినవన్నీ దీనికి అంటగట్టకండి. అవి కొత్తవాళ్ల దగ్గరికీ వెళ్లిపోతాయి. ముధోల్ ఇంటివాళ్లతో మెత్తగానే ఉంటుంది కానీ పరాయి చెయ్యి పడితే ముడుచుకుపోతుంది, మరీ మీద పడితే కరుస్తుంది. వచ్చిన చుట్టాలందరి చేతా నిమిరించాలని చూడొద్దు. 14 వారాల వయసు లోపు కొత్త మనుషులు, లిఫ్ట్, ఆటో చప్పుడు, కుక్కర్ విజిల్ అన్నీ పరిచయం చేయండి. కొత్త మనిషి చెయ్యి చాపకుండా పక్కన కూర్చుని ఉడికించిన చికెన్ ముక్క నేల మీద వేస్తే చాలు. టీకాలు పూర్తయ్యేదాకా ఇల్లు కదలనివ్వకపోతే ఆ వయసు చేజారిపోతుంది. చంకనెత్తుకునైనా తిప్పండి.

నాలుగేళ్ల బాబుకు ఒకే రూలు: పడుకున్న కుక్కను ముట్టుకోకూడదు. ఈ జాతుల్లో నిద్రలో ఉలిక్కిపడి కరిచేవి ఉంటాయి. పరుపు దారిలో కాకుండా గది మూలన వేయండి, దూరం నుంచి పేరు పెట్టి పిలిచి లేపండి. గుర్రుమంటే కొట్టొద్దు. దెబ్బలకు గుర్రుమనడం మానేస్తుంది, హెచ్చరిక లేకుండా కరవడం మొదలుపెడుతుంది.

గొలుసు_పట్టీ:
ఇంట్లో స్వభావం సంగతి సరే, అసలు ప్రమాదం గుమ్మం దగ్గర. దీని తల సన్నం, మెడ లావు. వెనక్కి ఒక్క గుంజు గుంజితే మామూలు పట్టీ తల మీదుగా ఊడొస్తుంది. మార్టింగేల్ పట్టీ (లాగితే కొంతవరకే బిగుసుకునే రకం) కొనండి, పెద్దయ్యాక 4–5 సెంటీమీటర్ల వెడల్పుది, చెవుల వెనకే ఉండాలి. లాగినప్పుడు బిగుసుకోవాలి కానీ రెండు రింగులూ కలిసిపోకూడదు. కలిశాయంటే పట్టీ వదులుగా ఉన్నట్టే. తాడు రెండు మీటర్లు చాలు. సాగి చుట్టుకునే రకం అసలు వద్దు: ఐదు మీటర్లు ఉరికి ఒక్కసారిగా ఆగితే ఆ కుదుపంతా మెడ మీద పడుతుంది.

ఎంత శిక్షణ ఇచ్చినా వీధిలో వదలకండి. కుందేలో కోడో కనబడిందంటే మీ పిలుపు దాని చెవికి ఎక్కదు. బాల్కనీకి గ్రిల్ తప్పనిసరి, పిట్టగోడ దీనికి లెక్క కాదు.

మూడో_అంతస్తు:
పిల్లి సంగతి? ముధోల్ బదులు రాజపాళయం నయమంటున్నారు.

చూపువేట:
రాజపాళయం కాపలా బుద్ధి ఎక్కువున్న కుక్క, ఫ్లాట్‌కు ఇంకా కష్టం. పైగా తెల్లవాటిలో కొన్నింటికి పుట్టు చెవుడు ఉంటుంది.

పిల్లిని ముందే చూస్తూ పెరిగితే చాలావరకు ఇముడుతుంది. మొదటి వారాలు మధ్యలో జాలీ తలుపు, తర్వాత తాడుతోనే ఒకే గదిలో. పిల్లికి ఎత్తున అల్మరా మీద చోటు ఉండాలి. కుక్క కళ్లు తిప్పకుండా బిగుసుకుని చూస్తుంటే అది ఆట కాదు, వెంటనే గదిలోంచి తీసుకెళ్లండి. ఇంటిపిల్లితో కలిసి పడుకునే కుక్కే వీధిపిల్లి పరిగెడితే తరుముతుంది. కుక్కనూ పిల్లినీ మాత్రమే వదిలి బయటికి వెళ్లొద్దు, ఎన్నేళ్లయినా.

మందుల_చీటీ:
డాక్టర్‌కు చెప్పాల్సినవి కొన్ని. వీటి ఒంట్లో కొవ్వు బాగా తక్కువ. థయోపెంటాల్ రకం మత్తు ఇస్తే తేరుకోవడానికి చాలా సమయం పడుతుంది. ఆపరేషన్ అంటే ఈ జాతి సంగతి ముందే చెప్పి, ఐసోఫ్లూరేన్ అనే మత్తు గ్యాస్ ఉందేమో అడగండి. ఆరోజే తూకం వేయించండి, మెలకువ వచ్చేదాకా దుప్పటి కప్పి ఉంచమనండి. చర్మం పలచన, ముళ్లకంప గీరుకున్నా చీలి కుట్లు పడతాయి. బొచ్చు పొట్టి కాబట్టి గోమార్లు చేత్తో తడిమితే దొరుకుతాయి, చెవుల లోపల, వేళ్ల సందులు రోజూ చూడండి.

చివరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనబడటం దీనికి ఆరోగ్యమే. అత్తయ్యగారు బక్కగా ఉందని నెయ్యన్నం పెట్టకుండా చూసుకోండి! తుంటి ఎముకలు, వెన్నుపూసలు పొడుచుకొస్తేనే తిండి పెంచాలి. ఛాతీ లోతైన కుక్క కాబట్టి తిన్నాక గంట దాటేదాకా పరుగు వద్దు. పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోతే పొట్ట మెలిపడిందేమో, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గొలుసు_పట్టీ:
కాగితాల్లో కారవాన్ హౌండ్ అని ఉంటే కంగారు పడకండి, కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఈ జాతిని ఆ పేరుతోనే నమోదు చేస్తుంది. కాగితం కన్నా తల్లిని చూడటం ముఖ్యం. యజమాని పక్కనుండగా కూడా మీరు గడప దాటగానే తల్లి మూలకు నక్కి వణుకుతుంటే ఆ ఈతలో కూనను తీసుకోవద్దు. దూరంగా నిలబడి నిదానంగా గమనిస్తుంటే అది ఈ జాతికి మామూలే.