అప్‌డేట్: కర్నూలు ఉల్లి మండీ బిల్లింగ్ కోడ్, తిరగరాయాలా వద్దా?

ముందు అడిగింది ఇది: బస్తాల తూకం, క్వింటా ధర, కమీషన్, హమాలీ అన్నీ ఒకే 900 లైన్ల ఫంక్షన్లో, టెస్టులు లేవు, మొత్తంలో పైసల తేడా. మొత్తం తిరగరాయొద్దని చెప్పిన అన్నలదే రైటు.

తేడాకి మూలం ఫ్లోట్, అంటే దశాంశ సంఖ్యల్ని బైనరీలో ఉజ్జాయింపుగా దాచే పద్ధతి. పైథాన్‌లో 2.675ని రెండు దశాంశాలకు రౌండ్ చేస్తే 2.68 రాదు, 2.67 వస్తుంది, ఆ సంఖ్య బైనరీలో కచ్చితంగా నిలవదు. దశాంశాల్ని ఉన్నదున్నట్టు దాచే డెసిమల్‌కి మార్చాం. ఇక్కడ రెండు గుంతలున్నాయి. డెసిమల్‌కి ఫ్లోట్ ఇస్తే తప్పు కూడా వెంటే వస్తుంది, స్ట్రింగ్‌గానే ఇవ్వాలి. రౌండింగ్ డిఫాల్ట్ హాఫ్ ఈవెన్ (సరిగ్గా సగమైతే దగ్గరి సరి అంకెకి), మండీ లెక్కకి కావాల్సింది హాఫ్ అప్ (సగమైతే పైకి). ప్రతిచోటా రాయకుండా ఒకే చిన్న ఫంక్షన్లో పెట్టాం.

అంతకంటే ముందు 200 పాత బిల్లులు తీసి, పాత కోడ్ ఇస్తున్న జవాబునే, తప్పైనా సరే, టెస్టుగా బిగించాం. ఇది లేకుండా కోడ్ ముట్టుకోవడం చీకట్లో బావి దిగడమే. తర్వాత ఆ పెద్ద ఫంక్షన్లోంచి మొదట కమీషన్, ఆపైన హమాలీ, ఒక్కో కమిట్‌లో (విడిగా సేవ్ చేసే మార్పులో) ఒక్కటే విడదీశాం.

డేటాబేస్‌లో కొత్త న్యూమరిక్ (కచ్చితమైన దశాంశాల) కాలమ్ చేర్చి, కొన్నాళ్లు పాత, కొత్త కాలమ్‌లు రెండింట్లోనూ రాసి, రోజూ పోల్చి, ఆ తర్వాతే పాతది తీసేశాం. పాత బిల్లులు మళ్లీ లెక్కకట్టలేదు. రైతు చేతిలో ఉన్న చీటీలో ఏముందో అదే లెక్క.

హమాలీ రేట్లు ఇంకా కోడ్‌లోనే ఉన్నాయి. టేబుల్‌లోకి మార్చేటప్పుడు అమలు తేదీ కాలమ్ తప్పనిసరి, లేదంటే పాత బిల్లు మళ్లీ ప్రింట్ చేస్తే కొత్త రేటు పడుతుంది.