మందుల షాపు తనిఖీ: ఫ్రిజ్, హెచ్1 రిజిస్టరు, చీటీ లేకుండా వచ్చేవారు – విశాఖలో ఎలా నెట్టుకొస్తున్నారు?

ప్రశ్న (మహారాణిపేట ఫార్మసిస్టు)

అందరికీ నమస్కారం. కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి) నడిచి వెళ్లేంత దూరంలో మా మేనమామ చాలా ఏళ్లు నడిపిన మందుల షాపును నిరుడు నేను తీసుకున్నాను. మందులు చిల్లరగా అమ్మడానికి కావలసిన ఫారం 20, ఫారం 21 లైసెన్సులు నా పేరిట కొత్తగా వచ్చాయి. రిజిస్టర్డ్ ఫార్మసిస్టును నేనే. షాపు వైశాల్యం నియమం కోరే 10 చదరపు మీటర్ల కంటే కాస్త ఎక్కువే కనుక ఆ విషయంలో చింత లేదు. అయితే మొదటి తనిఖీకి వచ్చిన అధికారి పుస్తకంలో మూడు లోపాలు రాసి వెళ్లారు. ఫ్రిజ్ ఉష్ణోగ్రతకు నమోదు లేదు, షెడ్యూల్ హెచ్1 రిజిస్టరులో (ఆ జాబితాలోని మందులు ఎవరికి ఇచ్చామో రాసే పుస్తకం) రోగి పేరు లేని పద్దులు ఉన్నాయి, గడువు తీరిన రెండు సిరప్ సీసాలు అమ్మే సరుకు మధ్యనే దొరికాయి. మూడూ నా తప్పులే. ఒప్పుకుని సంజాయిషీ రాసి ఇచ్చాను.

వచ్చే తనిఖీకి కాగితాలు సర్దుకోవడం కాకుండా, నిజంగానే సరిదిద్దుకోవాలని ఉంది. మా షాపుకు వచ్చేవారిలో చాలామంది ఈ ఊరివారు కారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి, పాడేరు, అరకు వైపు ఏజెన్సీ నుంచి, ఒడిశా నుంచి కూడా వస్తారు. ఓపీ చీటీ ఒక్కోసారి చెమటకు తడిసి అక్షరాలు అలుక్కుపోయి ఉంటుంది. ఒక్కోసారి చీటీయే ఉండదు, మాత్రలు అయిపోయిన ఖాళీ షీటు చూపించి ‘ఇదే ఇవ్వు బాబూ’ అంటారు. ఆఖరి బస్సు వెళ్లిపోతుందని బతిమాలే పెద్దావిడకు మందు ఇవ్వలేనని చెప్పడం ఎంత కష్టమో కౌంటరు వెనుక నిలబడినవారికి తెలుస్తుంది. ఇలాంటి చోట రిజిస్టరును మీరు ఎలా నడుపుతున్నారు? ఇన్సులిన్‌కు ఇళ్లలో వాడే ఫ్రిజ్ సరిపోతుందా? మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్లే గంటసేపు మా కుర్రాడు కౌంటరు చూసుకోవచ్చా?

జవాబు 1 (గాజువాక, మందుల షాపు యజమాని)

తమ్ముడూ, ఫ్రిజ్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే దాన్ని నష్టపోయి నేర్చుకున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిమీద విరుచుకుపడినప్పుడు మా వీధికి రోజుల తరబడి కరెంటు రాలేదు. మొదటి రోజు ఐసు గడ్డలు తెచ్చి ఇన్సులిన్ పెట్టెలను వాటిమీదే పేర్చాను. మంచి పని చేశాననే అనుకున్నాను. ఐసుకు ఆనుకున్నవి గడ్డకట్టాయి, మిగిలినవి రెండో రోజుకు వేడెక్కాయి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా వాడకూడదు. మొత్తం పక్కన పెట్టేశాను. కొనుక్కుని వెళ్లినవారికి ముందే చెడిన సీసా ఇచ్చి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన ఇప్పటికీ వస్తుంది.

ఇంటి ఫ్రిజ్‌తో నడపవచ్చు, కానీ దాని స్వభావం తెలుసుకోవాలి. తలుపు అరల్లో వెచ్చగా ఉంటుంది, ఫ్రీజర్ కింద వెనుక గోడకు ఆనుకుంటే గడ్డకడుతుంది. కనుక మందులు మధ్య అరలో, గోడకు తగలకుండా ఉండాలి. ఆ రోజు వచ్చిన అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతలు రెండూ చూపించే థర్మామీటరు మధ్య అరలోనే ఉంచి, షాపు తెరిచినప్పుడూ మూసేటప్పుడూ రాయండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పొద్దున్న 5 డిగ్రీలు కనిపించినా, రాత్రి కరెంటు పోయి 14కు వెళ్లి వచ్చిందేమో అత్యధిక అంకె చూస్తేనే తెలుస్తుంది. ఆ ఫ్రిజ్‌లో మంచినీళ్ల సీసాలు, టిఫిన్ డబ్బా పెట్టనివ్వకండి.

ఫ్రిజ్ బయట ఉన్న సరుకును కూడా మరచిపోవద్దు. మన సముద్రపు గాలికి వానాకాలంలో గోడలు చెమరుస్తాయి. అట్టపెట్టెలను నేలమీద, గోడకు ఆనించి పెడితే నెల తిరక్కుండానే మెత్తబడతాయి. నేను చెక్క పలకలు వేసి, గోడకు జానెడు దూరంలో పేర్చుతాను. లేబుల్ మీద 25 డిగ్రీలకు లోపు ఉంచాలని ఉన్నవాటిని ఏసీ ఉన్న మూలకు మార్చుకున్నాను, ఎందుకంటే మే నెలలో షాపు మధ్యాహ్నం ఎంత వేడెక్కుతుందో కొలిచి చూసేదాకా నాకూ తెలియలేదు.

జవాబు 2 (విశ్రాంత ఔషధ తనిఖీ అధికారి)

తనిఖీ అధికారి తన పరిధిలోని ప్రతి అమ్మకపు షాపునూ ఏడాదికి ఒకసారైనా చూడాలని 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో 51వ నియమం చెబుతుంది. ఆయన రాసి వెళ్లే పుస్తకం ఫారం 35. గోడమీద లైసెన్సు, ఫార్మసిస్టు హాజరు చూశాక నేను సాధారణంగా అరలోంచి ఏదో ఒక మందు తీసి, ఆ బ్యాచ్ కొన్న బిల్లు చూపించమని అడిగేవాణ్ని. బిల్లు దొరకని షాపులో మిగిలినదంతా ఎంత శుభ్రంగా ఉన్నా నాకు నమ్మకం కుదిరేది కాదు. శాంపిల్ తీసుకుంటే ఫారం 17 ఇచ్చి, తీసుకున్నదాన్ని నాలుగు భాగాలు చేసి, సీలు వేసి ఒకటి మీకే ఇస్తారు. దాన్ని భద్రంగా ఉంచండి, అది మీ రక్షణ కోసమే.

గడువు తీరిన సరుకు షాపులో ఉండటమే నేరమని చాలామంది భయపడి దాచిపెడతారు. కంపెనీకి తిప్పి పంపే ఏర్పాటులో ఉన్నవాటిని విడిగా, పైన ‘అమ్మకానికి కాదు’ అని కొట్టొచ్చినట్టు రాసిన పెట్టెలో ఉంచుకోవడానికి 65వ నియమమే అనుమతిస్తోంది. డిస్ట్రిబ్యూటరుకు రాసిన ఉత్తరం నకలు ఆ పెట్టెలోనే ఉంచండి.

హెచ్1 గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2014 మార్చి నుంచి అమలులోకి వచ్చిన ఈ జాబితాలో మొదట 46 మందులు ఉండేవి. సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు, ఆల్‌ప్రజొలామ్, ట్రమడాల్ వంటివి అందులో ఉన్నాయి. అమోక్సిసిలిన్, అజిత్రోమైసిన్ షెడ్యూల్ హెచ్ అనే చీటీ మందుల జాబితాలో ఉన్నాయి కానీ హెచ్1లో లేవు. కనుక వాటికి చీటీ తప్పనిసరి, ఈ ప్రత్యేక రిజిస్టరు మాత్రం కాదు. డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారు అన్నవి రాసి, రిజిస్టరును 3 ఏళ్లు ఉంచాలి. రోగి పేరు ఎందుకని మీరు అడగవచ్చు. ఒక షాపులో నేను తీసిన ఇంజెక్షన్ శాంపిల్ ప్రమాణాలకు తగినట్టు లేదని ల్యాబ్ తేల్చినప్పుడు, యజమాని రిజిస్టరు చూసి ఆ బ్యాచ్ కొన్నవారిని వెతికి పట్టుకున్నాడు. బిల్లు మీద ‘క్యాష్’ అని మాత్రమే రాసే షాపులో అది సాధ్యమయ్యేది కాదు.

పాత చీటీ మీద డాక్టరు ‘మళ్లీ ఇవ్వవచ్చు’ అని రాయకపోతే ఒక్కసారే ఇవ్వాలి. ఇచ్చినప్పుడు చీటీపై డాక్టరు సంతకానికి పైన మీ షాపు పేరు, చిరునామా, తేదీ వేయాలి. ఈ నియమాన్ని పాటించే షాపులు నాకు అరుదుగా కనిపించాయి. ముద్ర వేయించి పెట్టుకోండి. ఇక మీ భోజన సమయంలో చీటీ మందులు మీ కుర్రాడు ఇవ్వకూడదు. ఇందులో సర్దుబాటు లేదు.

జవాబు 3 (ఏజెన్సీలో పనిచేసే నర్సు)

ఆ పెద్దావిడ వైపు నుంచి రెండు మాటలు చెబుతాను. కొండమీద నుంచి వచ్చినవారికి చీటీ అంటే డాక్టరుగారికి చూపించాక పనైపోయిన కాగితం. మందు మాత్రమే దాచుకోవాలని అనుకుంటారు. మందు ఇచ్చేటప్పుడే ‘అమ్మా, ఈ కాగితం మళ్లీ తేవాలి’ అని చెప్పి, చీటీని పాలిథీన్ కవరులో పెట్టి చేతికిచ్చే షాపు ఒకటి నాకు తెలుసు. అక్కడికి వెళ్లినవారు రెండోసారి చీటీతోనే వస్తున్నారు.

ఖాళీ షీటు క్షయ మందుదైతే దయచేసి ‘లేదు’ అని పంపేయకండి. అవి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, మీ పక్కనే కేజీహెచ్ ఉంది. మధ్యలో మానేస్తే జబ్బు మొండిబారుతుందని వారి మాటలో చెప్పి, దారి చూపించండి. మందుల షాపులు కూడా క్షయ రోగుల వివరాలు తెలియజేయాలని 2018 నుంచి నియమం ఉంది.

ప్రశ్న అడిగినవారి మాట

ముగ్గురికీ కృతజ్ఞతలు. ముద్ర, థర్మామీటరు రేపే కొంటాను. పాలిథీన్ కవర్లు ఈ రోజే తెచ్చాను. ఒంటి గంటన్నర నుంచి రెండున్నర దాకా చీటీ మందులు ఇవ్వబడవని తెలుగులోనూ ఒడియాలోనూ బోర్డు రాయిస్తున్నాను. చిన్న సందేహం మిగిలింది: పేరు లేని పాత పద్దులను ఇప్పుడు బిల్లులు చూసి పూరించవచ్చా?

జవాబు (విశ్రాంత ఔషధ తనిఖీ అధికారి)

వద్దు. పాత పుటలో ఒక్క అక్షరం కూడా చేర్చకండి. ఖాళీని ఖాళీగానే వదిలి, సరిదిద్దిన తేదీని కొత్త పుట మొదట్లో రాసి సంతకం చేయండి. ఖాళీకి సంజాయిషీ ఇప్పటికే ఇచ్చారు. తర్వాత నింపిన పద్దుకు ఇవ్వగల సంజాయిషీ ఉండదు.