‘చతురస్రశోభి’: స్ర కారమా, శ్ర కారమా?

అరసున్న:
రెండో తరగతి చదివే మా అమ్మాయికి ఆకారాల పేర్లు చెబుతున్నాను. అట్టముక్క చతురస్రాన్ని మూల మీద నిలబెట్టి ‘ఇప్పుడిది డైమండ్’ అంది. తిప్పినంత మాత్రాన పేరు మారదమ్మా అంటుండగానే ఒక శ్లోకపాదం నాలుక మీదికి వచ్చి ఇరుక్కుంది. ‘బభూవ తస్యాశ్చతురస్రశోభి...’ తర్వాత ‘వపుః’ ఏదో ఉండాలి. ఆడపిల్ల మేను చతురస్రంగా ఉండటమేమిటి? పైగా ఒకసారి ‘స్ర’ అని, ఒకసారి ‘శ్ర’ అని పలుకుతున్నాను.

వట్రుసుడి:
కాళిదాసు కుమారసంభవం, మొదటి సర్గ, పార్వతి వర్ణన. ‘వపుర్విభక్తం నవయౌవనేన’. అసలు సొగసంతా పై పాదాల్లో ఉంటే వాటిని వదిలేశారే! ‘ఉన్మీలితం తూలికయేవ చిత్రం’. కుంచె తాకితే బొమ్మ కళ్లు విప్పినట్టు, ఎండ సోకి తామర విచ్చినట్టు. అక్కడ చతురస్రమంటే ఎటు నుంచి చూసినా హెచ్చుతగ్గులు లేని అమరిక. అక్షరం మాత్రం శకారమే. అశ్రి అంటే అంచు, ‘పాల్యశ్రికోటయః’ అని అమరకోశ నిఘంటువు.

బండిర:
అశ్రి సరే, అస్రమన్నా మూలే కదా. కన్నీరు, నెత్తురు అన్న అర్థాలు కూడా ఉన్నాయని దాన్ని వెలి వేస్తామా? లెక్కల పుస్తకంలో చతురస్రం అని రాసే మనిషే సంగీతం పుస్తకంలో చతురశ్ర జాతి అని రాస్తాడు. తాళంలో నాలుగక్షరాల లఘువుకు శ్ర, నాలుగు మూలల బొమ్మకు స్ర. ఎవరికీ ఇబ్బంది లేదు.

వట్రుసుడి:
నాకుంది.

అరసున్న:
ఈలోగా ఇంకో ప్రశ్న వచ్చింది. ‘దీర్ఘచతురస్రం కూడా చతురస్రమేగా, కాస్త సాగింది, అంతే?’ అంటోంది.

నకారపొల్లు:
తప్పు పిల్లది కాదు, మాటది. నాలుగూ లంబకోణాలైతే దీర్ఘచతురస్రం, భుజాలు కూడా సమానమైతే చతురస్రం. అంటే చతురస్రమే దీర్ఘచతురస్రంలో ఒక రకం. పేరేమో తలకిందులుగా చెబుతోంది. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాల్లో సమచతురశ్రం, దీర్ఘచతురశ్రం అని ఇద్దరు బిడ్డలు, చతురశ్రం వాళ్ల ఇంటిపేరు. మనం ‘సమ’ను రాల్చేసి ఇంటిపేరంతా ఒకరికే రాసిచ్చాం. నేనీ మాట ఎప్పటి నుంచో అంటున్నాను.

వట్రుసుడి:
మేమూ ఎప్పటి నుంచో వింటున్నాం. భరతుడి నాట్యశాస్త్రంలో నాట్యగృహాలు మూడు: వికృష్టం (పొడవైనది), చతురస్రం, త్ర్యస్రం (మూడు మూలలది). అక్కడ ‘సమ’ ఏదీ? రాల్చినవాళ్లు మనకన్నా చాలా ముందే ఉన్నారు. ఇంతకీ మీరు కూడా శకారమే రాశారు, సంతోషం.

నకారపొల్లు:
పొడవైనదానికి వికృష్టమని వేరే పేరున్నప్పుడు చిక్కేముంది? నా వాదమే బలపడింది. గ్రీకు గణితవేత్త యూక్లిడ్ కూడా మొదటి పుస్తకం 22వ నిర్వచనంలో రెండింటినీ విడివిడిగానే పెట్టాడు, భుజాలు సమానమైతే దీర్ఘచతురస్రం కానే కాదన్నట్టు. ఆయన దగ్గర అమ్మాయికి మార్కులు పడవు, నిజమే, కానీ మన లెక్కల పుస్తకానికీ పడవు.

బండిర:
మొదటి ప్రశ్నను అందరూ వదిలేశారు. మేను చతురస్రమేమిటి అన్నారు కదా, జైనుల్లో ‘సమచతురస్ర సంస్థానం’ అని ఉంది. అవయవాలన్నీ కొలతకు సరిగ్గా అమరిన శరీరం. ప్రాకృతంలో సమచఉరంస. మన చదరం కూడా ఆ దారినే వచ్చిందని నా అనుమానం.

అరసున్న:
మరి చదరంగం?

బండిర:
అది చతురంగం. నాలుగు బలాలు. దాన్నిటు లాగకండి.

వట్రుసుడి:
జైనులంటే గుర్తొచ్చింది. జైన గణితవేత్త మహావీరాచార్యుడి గణితాన్ని 11వ శతాబ్దంలో తెనిగించిన పావులూరి మల్లనను తలచుకోకుండా ఈ చర్చ ఎలా సాగుతోంది? లెక్కను పద్యంలో ఇమిడ్చి, యతి తప్పకుండా, జవాబు తప్పకుండా! ఒక్కటి తప్పకుండా ఉండటమే మనకు కష్టం.

నకారపొల్లు:
మల్లన గురించి వేరే చర్చ పెట్టండి, వస్తాను.

అరసున్న:
అయితే స్రనా, శ్రనా? అమ్మాయి అట్టముక్కను మూల నుంచి మూలకు కత్తిరించేసింది. ఇప్పుడు రెండు త్రికోణాలున్నాయి.

వట్రుసుడి:
త్రిభుజాలనండి. మొదటిదానికి, శ్ర.

బండిర:
స్ర.